శోధన వేళ క్లౌ దొరగారు



ఒంగోలు క్లౌ దొరగారి పేరు వినని తెలుగు బాప్తిస్టు కుటుంబం ఉండదు. ఒంగోలు, నెల్లూరు, గుంటూరు వైపుల నుండి పనికోసం వచ్చి హోసూరులోను, కృష్ణగిరిలోను స్థిరపడిన మన ఇండ్లలో ఎవరిని అడిగినా ఒక్క దినమున 2,222 మంది గుండ్లకమ్మ ఏటిలో బాప్తిస్మము పొందిన సంగతి చెబుతారు. సండే స్కూలు పిల్లలు కూడా ఆ అంకెను ఠక్కున అప్పజెబుతారు. అయితే ఆ దినమునకు ముందు పదిహేను నెలలపాటు, వేలమంది వచ్చి అడుగుతున్నా, ఆయన ఎవరికీ బాప్తిస్మము ఇవ్వకుండా ఆగిన సంగతి అంతగా ప్రచారంలో లేదు. ఈసారి మేము ముఖ్యముగా ఆ పదిహేను నెలల గురించే వ్రాయదలచాము.

శోధన అనగానే మనకు సారాయి, జూదము, పరస్త్రీ వ్యామోహము గుర్తుకు వస్తాయి. అవి శోధనలే, సందేహం లేదు. టాస్మాక్ దుకాణం ముందునుండి జీతం రోజున ఇంటికి నడిచివచ్చే సహోదరునికి ఆ సంగతి మేము చెప్పనక్కరలేదు. కాని అవి తమ మొహం దాచుకొని రావు. మంచిపని వేషం వేసుకొని వచ్చే శోధన వేరు. అందులో పడినవారిని లోకం మెచ్చుకుంటుంది, సంఘం కూడా మెచ్చుకుంటుంది. క్లౌ దొరగారికి వచ్చిన పెద్ద శోధనలు రెండూ ఆ జాతివే.

జాన్ ఎవరెట్ క్లౌ 1836 జూలై 16న అమెరికాలో, న్యూయార్కు రాష్ట్రంలోని ఫ్రూస్‌బర్గ్ దగ్గర జన్మించారు. ఆయన చిన్నతనంలోనే కుటుంబం బ్రతుకుతెరువు కోసం పడమటి దిక్కుకు, ఇల్లినాయిస్‌కు, అక్కడినుండి అయోవాకు తరలిపోయింది. మనలాగే ఆయన కూడా వలస వెళ్లిన ఇంటి బిడ్డ అన్నమాట. యౌవనంలో మిన్నెసోటా ప్రాంతానికి వెళ్లి సర్కారు సర్వేవారితో కలిసి అడవులు, బయళ్లు కొలిచారు. ఆ గొలుసు కొలతల విద్య ఇరవై యేండ్ల తరువాత ఒంగోలు తాలూకాలో వేలమంది ప్రాణాలకు అక్కరకు వస్తుందని అప్పుడు ఎవరనుకుంటారు!

బర్లింగ్టన్ ఊరిలోని బాప్తిస్టు కాలేజీలో చేరేనాటికి ఆయనకు దేవుని విషయాలంటే లక్ష్యం లేదు. ఒకే గదిలో ఉన్న తోటి విద్యార్థి రాత్రి పడుకొనేముందు మోకరించి ప్రార్థన చేసుకొనేవాడు. క్లౌకు అది చికాకు పుట్టించింది. సుద్దముక్క తీసుకొని గది నడుమ ఒక గీత గీసి, ఆ ప్రార్థనలన్నీ గీతకు అవతలే జరగాలని కట్టడి పెట్టాడు. తోటివాడు వాదానికి దిగలేదు. గీతకు అవతల తన ప్రార్థన తాను మానకుండా చేసుకొంటూ వచ్చాడు. కొంతకాలానికి ఆ ప్రార్థనే క్లౌ మనస్సును కదిలించింది. ఆయన కూడా మోకరించాడు, రక్షణ అనుభవములోనికి వచ్చి బాప్తిస్మము పొందాడు. సిప్కాట్ చుట్టుపక్కల ఒక్క గదిలో ఐదారుగురు సర్దుకొని ఉండే మన యువకులలో, అందరి ఎదుట మోకరించడానికి సిగ్గుపడేవారు ఉన్నారు. ఆ తోటి విద్యార్థి చేసిన పని ఎంత పెద్దదో వారు ఆలోచించాలి.

1864 నవంబరు 30న క్లౌ దొరగారు, భార్య హారియట్ దొరసానిగారు పసిబిడ్డతో బోస్టను రేవులో ఓడ ఎక్కారు. పాత ఓడ, పెనుగాలులు, నెలల తరబడి ప్రయాణం. 1865 ఏప్రిలులో మద్రాసు చేరి, నెల్లూరులో తెలుగు నేర్చుకొని, 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురం పెట్టారు. దానికి పన్నెండేండ్ల ముందే, 1854 జనవరి 1 తెల్లవారుజామున, జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, మన తెలుగువారైన క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించారు. ఇప్పటికీ ఆ కొండను ప్రార్థన కొండ అనే అంటారు. ఈ సంగతి మన పాఠకులకు తెలిసినదే గనుక విస్తరించడం లేదు.

1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడింది. అదే నెలలో, ఒంగోలుకు నలభై మైళ్ల దూరాన ఉన్న తాళ్లకొండపాడులో, ఒక చింతతోపులో కూడికలు జరిగి 28 మంది బాప్తిస్మము పొందారు. అక్కడ వారిని సిద్ధపరచినది యెర్రగుంట్ల పేరయ్యగారు. మాదిగ కులమునకు చెందిన మనిషి, తోళ్ల వర్తకం చేసేవాడు, యోగమార్గములో గురువును ఆశ్రయించి దేవుని వెదికినవాడు. వర్తకం మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు సువార్త విని, తిరిగివచ్చి తనవారికి చెప్పాడు. క్లౌ దొరగారు ఆ ఊరికి వెళ్లకముందే ఆయన చెప్పిన మాటను జనులు విని ఉన్నారు.

ఇక మొదటి శోధన. ఒంగోలులో దొరగారు పెట్టిన బడికి బ్రాహ్మణుల పిల్లలు, ఇతర పై కులాల పిల్లలు వచ్చారు. వారి పెద్దలు దొరగారిని గౌరవించి, బంగళాకు వచ్చి కూర్చొని మాట్లాడేవారు. ఊరి పెద్దలు కదిలితే ఊరంతా కదులుతుందని అప్పటి మిషనెరీలలో చాలామంది నమ్మకం. అంతలో మాదిగవారు బాప్తిస్మము కోరుతూ రాసాగారు. వెంటనే ఊరి పెద్దలు వచ్చి, వీరిని చేర్చుకొంటే మా పిల్లలు బడికి రారని, మేమూ మీ గుమ్మం తొక్కమని మర్యాదగానే తెలియజేశారు.

ఈ శోధనలో పాపము అనదగినది పైకి ఏమైనా కనబడుతోందా? పేదవారిని పొమ్మని చెప్పనక్కరలేదు, కొంతకాలం ఆగుమంటే చాలు. బడి నిలుస్తుంది, పెద్దల స్నేహం నిలుస్తుంది, రేపు వారే క్రైస్తవులు కావచ్చును. అమెరికాలో ఉన్న సొసైటీవారికి వ్రాసినా తప్పు పట్టరు. దొరగారు ఇటూ అటూ తేల్చుకోలేక బాధపడ్డారు.

ఆయన తన గదిలోకి పోయి ప్రార్థించారు. అక్కడ సిపాయిలకు పంచడానికి తెప్పించిన బైబిళ్లు దొంతరగా ఉన్నాయి. ఒకటి తీసి తెరవగా కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయము 26 నుండి 29 వరకు ఉన్న భాగము కంటబడింది. లోకము ఎన్నిక చేయని వారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన భాగమది. అదే వేళ మరొక గదిలో హారియట్ దొరసానిగారు ఇదే భారంతో ఉండి, తన బైబిలు తెరవగా ఆమెకూ అదే భాగము వచ్చింది. ఇద్దరూ బయటకు వచ్చి చెప్పుకొని ఆశ్చర్యపడ్డారు. బైబిలు ఎక్కడో ఒకచోట తెరిచి వ్రేలు పెట్టడం అలవాటు చేసుకొమ్మని మేము చెప్పడం లేదు. అలా చేసి తమ ఇష్టమునే దేవుని ఇష్టమనుకొన్నవారిని చూచాము. ఇక్కడ గమనించవలసినది వేరు. జవాబు ఇవ్వకముందే ఆయన మోకరించాడు. భార్యకు తెలియకుండా నిర్ణయం చేయలేదు. తన ఆశకు అనుకూలమైనది కాక, నష్టము తెచ్చేది కనబడినప్పుడు దానికే లోబడ్డాడు.

నష్టము వెంటనే వచ్చింది. మాదిగవారిని చేర్చుకొన్నందుకు పై కులాల పిల్లలు బడి విడిచి వెళ్లిపోయారు. బంగళాకు వచ్చేవారు రావడం మానారు. పోయిన స్నేహం తిరిగి కలపడానికి దొరగారు తన మాటను మార్చుకోలేదు.

చేరినవారికి మాత్రం శోధన అప్పుడే మొదలైంది. అప్పట్లో ముఖ్యముగా మూడు కట్టడలు ఉండేవి: ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను పూజించరాదు. వినడానికి చిన్నవే. ఊరి రెడ్డి, కరణము చెప్పిన రోజున పనికి పోకపోతే మిరాసీ గింజలు ఆగిపోతాయి. జాతరలో డప్పు కొట్టనంటే దెబ్బలు తప్పవు. చచ్చిన పశువు మాదిగవాడి హక్కు, తోలుతోబాటు మాంసమూ అతని కూలిలో భాగమే. దాన్ని తినననడం ఇంటిల్లిపాది ఆకలికి ఒప్పుకోవడమే. మన తాతముత్తాతలు చాలామంది ఆ ఆకలికి ఒప్పుకొన్నారు. నేడు మన పిల్లలకు ఆదివారపు షిఫ్టు పడితే వారిని మేము దోషులని అనడం లేదు. యంత్రము ఆగని ఫ్యాక్టరీలో వంతు వస్తే చేయక తప్పదు. కాని రెట్టింపు కూలి కోసం వంతు కానివాడు కూడా అడిగి మరీ ఆదివారం వేయించుకొంటూ ఉంటే, తాళ్లకొండపాడు పెద్దలు వదులుకొన్నది ఏమిటో ఒక్కసారి తలంచుకోవాలి.

1876లో వానలు తప్పాయి. తెలుగువారు ధాత కరువు అన్నారు. ఇక్కడి తమిళ పెద్దలు తాదు వరుష పంజం అనేది దీనినే. మనము నేడు కాపురముంటున్న హోసూరు, కృష్ణగిరి తాలూకాలు అప్పుడు సేలం జిల్లాలోనివి. మద్రాసు రాజధానిలో అతిగా దెబ్బతిన్న జిల్లాలలో సేలం ఒకటి. 1871 జనాభా లెక్కలలో ఇంచుమించు 19.7 లక్షలు ఉన్న ఆ జిల్లా 1881 నాటికి 16 లక్షలకు దిగిపోయింది. మనము నడిచే ఈ నేల మీద కూడా నాడు శవాలు పడినవని మన పిల్లలకు తెలియదు.

ఒంగోలు ప్రాంతంలో ముందు పశువులు చచ్చాయి, తరువాత మనుష్యులు. ఎక్కడ చూచినా చచ్చిన గొడ్లే ఉన్న ఆ దినాల్లో, తినరాదన్న కట్టడ ఎంత కఠినమో వేరే చెప్పనక్కరలేదు. సర్కారు కరువు పనులు పెట్టింది గాని 1877 మొదట్లో పెద్ద మగవానికి దినానికి ఒక పౌను గింజలు, ఒక అణా మాత్రమే కూలిగా తగ్గించారు. పైగా పేదకులాలవారికి ఆ పనుల్లో పై అధికారులనుండి కష్టాలు. అప్పుడు క్లౌ దొరగారు తన పాత సర్వే విద్యను బయటకు తీశారు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కాంట్రాక్టుగా తీసుకొని రాజుపాలెములో మకాము పెట్టించారు. తాటాకు పాకలు వేశారు, బావులు త్రవ్వారు. మన బోధకులనే మేస్త్రీలుగా నియమించారు. దూర గ్రామాలనుండి ఎముకల గూళ్లవలె నడిచివచ్చిన వేలమందికి పని, కూలి దొరికాయి. కలరా వచ్చి కొందరు అక్కడే రాలిపోయారు. మధ్యాహ్నం విశ్రాంతి వేళ బోధకులు వారి నడుమ కూర్చొని సువార్త చెప్పేవారు. కష్టములో ఉన్నవారికి ఆ మాటలు ఎంత ఆదరణగా ఉండి ఉంటాయో ఊహించుకోవచ్చును.

ఇక్కడే రెండవ శోధన, మొదటిదానికంటె బలమైనది. ఆ జనులు బాప్తిస్మము ఇయ్యుమని అడిగారు. పదులుగా కాదు, వందలుగా అడిగారు. తూర్పున ఉదయించిన ఒంటరి నక్షత్రమని అమెరికాలో జాలిగా చెప్పుకొనే మిషను, ఒకనాడు మూసివేయాలని కూడా తలపెట్టిన మిషను. అటువంటి మిషనులో పని చేసే మనిషి ఎదుట ఇంత పంట నిలిచి ఉంది. కోస్తే సొసైటీవారు సంతోషిస్తారు, పత్రికలు పొగడుతాయి. పైగా అడిగేవారిలో రేపటికి బ్రదికి ఉండేవారెవరో తెలియదు. ఆగుమని చెప్పడానికి ఎంత గుండె కావాలి!

దొరగారు ఆగుమన్నారు. 1877 మార్చి నుండి 1878 జూన్ వరకు ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. కూలి తన చేతినుండి పోతోంది, లండను నుండి వచ్చిన కరువు నిధి గింజలు తన చేతినుండి పోతున్నాయి. అటువంటి చేతితోనే బాప్తిస్మము ఇస్తే అన్నము కోసం వచ్చినవాడెవడో ప్రభువు కోసం వచ్చినవాడెవడో వచ్చినవానికే తెలియదు. ఆకలిగొన్నవానికి రొట్టె చూపి శోధించినవాడు ఎవడో అరణ్యములో మన ప్రభువు ఎదుర్కొన్నదానిని చదివినవారికి తెలుసు. ఇక్కడ క్లౌ దొరగారికి రొట్టె తినుమన్న శోధన రాలేదు. రొట్టెతో ఆత్మలను కొనుమన్న శోధన వచ్చింది. బాప్తిస్మము రక్షణ ఇయ్యదు, రక్షింపబడినవాడు ఇచ్చే సాక్ష్యమే అన్న మన బాప్తిస్టు విశ్వాసము ఆయనకు ఇక్కడ ఊతమిచ్చింది. నీళ్లలో దిగకముందే మరణించినా విశ్వసించినవాడు ప్రభువు వద్దకే పోతాడు. కనుక ఆగడంలో ఆయన ఎవరి రక్షణనూ ఆపలేదు.

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదవ అధ్యాయము 13వ వచనములో, శోధనతోకూడ దేవుడు తప్పించుకొను మార్గమును కూడ కలుగజేస్తాడన్న వాగ్దానము ఉన్నది. ఆ మార్గమంటే ఒక్కసారిగా ఆశ చచ్చిపోయి మనస్సు తేలికపడడమని మనలో చాలామంది అనుకొంటారు. దొరగారికి అలా జరగలేదు. పదిహేను నెలలూ ప్రతివారమూ అడిగేవారు వస్తూనే ఉన్నారు, ఆయన ప్రతివారమూ కాదనవలసి వచ్చింది. ఆయనకు దొరికిన మార్గము పనే. పొద్దు పొడిచినది మొదలు కాలువ గట్టు, లెక్కలు, రోగులు, గింజల పంపకము. చుట్టూ పేరయ్యగారివంటి బోధకులు, ఒకరినొకరు విడువని ప్రార్థన. దేవుని సహాయము కొన్నిసార్లు ఇలాగే, చేతినిండా పనిగా, చుట్టూ మనుష్యులుగా వస్తుంది. ఒంటరిగా అద్దెగదిలో ఉండి, ఆదివారము కూడికకు రాక, శోధనను తానే జయిస్తానని చెప్పే యౌవనస్థుని గురించి మాకు భయము.

1878లో వానలు పడ్డాయి. కరువు పనులు ముగిశాయి, పంచవలసిన నిధి ముగిసింది. దొరగారు తన బోధకులను, జనులను ఒంగోలుకు పది మైళ్ల ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి రమ్మన్నారు. అక్కడ చేరిన వేలమందికి తనవద్ద ఇక ఇచ్చేందుకు ఏమీ లేదని, కూలి లేదని, గింజలు లేవని, ఇండ్లకు పొమ్మని చెప్పారు. వారు పోలేదు. తాము పని చేసుకొని బ్రతికామని, ఇకపై కూడా అలాగే బ్రతుకుతామని, పంట పోయి చావవలసివస్తే క్రైస్తవులుగా చస్తామని చెబుతూ, మట్టి మోసి బొబ్బలెక్కిన అరచేతులు ఆయన ఎదుట చాచారు.

ఆయన అప్పటికీ తొందరపడలేదు. బోధకులను వేరుగా పిలిచి ఆలోచించారు. ఇక కాదనే అధికారము మనకు లేదని అందరూ ఏకమయ్యాక, గ్రామము వెంట గ్రామముగా, ఆ గ్రామమును ఎరిగిన బోధకుని ఎదుట ఒక్కొక్కరిని విచారించి పేర్లు వ్రాసుకొన్నారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తము మూడు దినాలలో 3,536 మంది బాప్తిస్మము పొందారు. 3వ తేదీన ఉదయము ఆరు గంటలకు ఆరంభించి పదకొండు వరకు, తిరిగి రెండు గంటలకు మొదలుపెట్టి పొద్దు గూకేవరకు జరిగింది. ఏటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు అభిషిక్తులైన తెలుగు బోధకులు ఆరుగురు. ఇద్దరు అలసినప్పుడు మరి ఇద్దరు దిగేవారు. ఆ దినమున క్లౌ దొరగారు ఒక్కరికి కూడా తన చేతులతో బాప్తిస్మము ఇవ్వలేదు. ఒడ్డున ఉండి ఏర్పాట్లు చూచుకొన్నారు. పదిహేను నెలలు వేచిన మనిషి, చరిత్రలో నిలిచే దినమున నీళ్లలో దిగక ఒడ్డున ఉండిపోవడం మాకు ఆ అంకెకంటె పెద్దగా కనబడుతుంది.

ఆ యేడు ముగిసేసరికి బాప్తిస్మము పొందినవారు 9,606 మంది. ఒంగోలు సంఘ సభ్యులు పన్నెండు వేలు దాటారు. దూరదేశాలలో కొందరు వీరిని అన్నము క్రైస్తవులని అనుమానించారు. దొరగారి వద్ద జవాబు సిద్ధంగా ఉంది: అన్నము పంచినంతకాలము ఎవరినీ చేర్చుకోలేదు, పంచడం ముగిశాకే చేర్చుకొన్నాము. 1890 డిసెంబరు 28న ఒంగోలులో మళ్లీ ఒక్క దినమున 1,671 మంది బాప్తిస్మము పొందారు. అప్పుడు కరువు లేదు.

1893లో హారియట్ దొరసానిగారు మరణించారు. మరుసటి యేడు దొరగారు ఎమ్మా రౌషెన్‌బుష్ దొరసానిగారిని వివాహము చేసుకొన్నారు. ముసలితనములో తొడ ఎముక విరిగి కర్రల ఊతముతో నడిచారు. 1910 నవంబరు 24న అమెరికాలోని రాచెస్టరులో ప్రభువు సన్నిధికి పిలువబడ్డారు. ఆయన జీవితకథను ఎమ్మా దొరసానిగారు వ్రాసి పూర్తిచేయగా 1914లో అచ్చయింది. మాదిగ పెద్దలు తమ నోట చెప్పుకొన్న కథలను ఆమె అంతకుముందే వేరొక పుస్తకముగా కూర్చి ఉన్నారు. యెర్రగుంట్ల పేరయ్యగారి సంగతులు అందులో వివరముగా ఉన్నాయి. ప్రభువు చిత్తమైతే వచ్చే సంచికలో ఆయన గురించి వ్రాస్తాము.